మొదటి ఏడు చూసి తీర్పు చెప్పకండి

తమిళ మీడియంలో చదివినవాణ్ణి, రాతలో తప్పులుంటే మన్నించండి.

మా మనవడు బాస్కెట్‌బాల్ పిచ్చోడు. అమెరికా ఎన్‌బీఏ జట్లు ఏటా కొత్త కుర్రాళ్ళను వరుసగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. రాగానే మెరిసేవాణ్ణే ఎంచుకోవాలని వాడి వాదన. నాలుగైదేళ్ళకు పైకొచ్చేవాడే మేలని నా వాదన.

2013 డ్రాఫ్ట్ చూడండి. మొదట పిలిచిన పేరు ఆంథొనీ బెన్నెట్. నాలుగేళ్ళలో ఎన్‌బీఏలోనే లేకుండా పోయాడు. 11వ పేరు మైకేల్ కార్టర్ విలియమ్స్. ఆటకు సగటున 16.7 పాయింట్లు చేసి, కొత్తవాళ్ళలో ఉత్తముడయ్యాడు. మరుసటి సీజన్‌లోనే ఫిలడెల్ఫియా అతన్ని వేరే జట్టుకిచ్చేసింది. ఆ మొదటి ఏడాది ఆట మళ్ళీ రాలేదు. 15వ పేరు గ్రీసు కుర్రాడు యానిస్. మొదటి ఏడు 6.8 పాయింట్లే. మిల్వాకీ జట్టు ఓపిక పట్టింది. 2019, 2020లో లీగ్ మొత్తానికీ ఉత్తమ ఆటగాడు అతనే. 2021 ఫైనల్ చివరి ఆటలో 50 పాయింట్లు చేసి, 50 ఏళ్ళ తర్వాత మిల్వాకీకి కప్పు తెచ్చాడు.

మనవడు ఊరుకుంటాడా? "తాతా, మొదటి రౌండు కుర్రాడి ఒప్పందం నాలుగేళ్ళే. ఆ తర్వాత పండితే పంట పక్కవాడిది. బిల్లప్స్ సంగతేంటి?" అన్నాడు.

వాడన్నదీ నిజమే. చాన్సీ బిల్లప్స్‌ను 1997లో బోస్టన్ మూడోవాడిగా తీసుకుంది. 2004లో అతను కప్పు గెలిపించింది డెట్రాయిట్‌కు. కానీ బోస్టన్ అతన్ని ఒప్పందం ముగిసి పోగొట్టుకోలేదు. మొదటి సీజన్ ముగియకముందే తనే ఇచ్చేసింది. పైగా నాలుగేళ్ళయ్యాక కూడా, బయటి జట్టు ఇస్తానన్న జీతం తానూ ఇచ్చి కుర్రాణ్ణి ఉంచుకునే హక్కు పాత జట్టుకు ఉంటుంది. తప్పు తొందరది, కుర్రాడిది కాదు.

లెబ్రాన్ జేమ్స్ లాగా మొదట్నించీ చివరిదాకా వెలిగేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. అలాంటివాణ్ణి మొదటి జట్టే ఎగరేసుకుపోతుంది. మిగతావాళ్ళకు కావలసింది ఓపికే.

ఇదంతా మనకెందుకంటారా? పదో తరగతిలో ఫస్టొచ్చిన పిల్లలకు ఏటా శాలువా కప్పుతాం. కప్పండి, వద్దనను. తప్పినవాడి పేరు మాత్రం మళ్ళీ ఎత్తం. నేను రైల్వేలో పోర్టరుగా చేరి, డిపార్ట్‌మెంటు పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి క్లర్కునయ్యాను. ఈసారి శాలువాల ఖర్చులో సగం తీసి, తప్పిన పిల్లలకు మళ్ళీ పరీక్ష ఫీజు కడదాం. వచ్చే మీటింగులో ఈ మాట పెడతాను. కాదనేవాళ్ళు కారణం చెప్పండి, వింటాను.