తిరుత్తణి కుర్చీకి ఒక బహిరంగ లేఖ

తిరుత్తణి శాసనసభ్యుల వారికి,



ఈ ఉత్తరంలో మీ పేరు రాయలేదు. అమర్యాద అనుకోకండి. మా నియోజకవర్గంలో ఎమ్మెల్యే పేరు గుర్తుపెట్టుకునేలోపే మారిపోతుంది. 1989 నుంచి 2021 దాకా ఇక్కడ ఎనిమిది శాసనసభ ఎన్నికలు జరిగితే ఎనిమిది మంది గెలిచారు. పి. నటరాజన్, తణిగై బాబు అని పిలిచే రాసన్‌బాబు, ఇ.ఎ.పి. శివాజీ, జి. రవిరాజ్, జి. హరి, అరుణ్ సుబ్రమణియన్, పి.ఎం. నరసింహన్, ఎస్. చంద్రన్. వీళ్లలో ఎవరూ ఆ ఎనిమిది ఎన్నికల్లో రెండోసారి తిరుత్తణి నుంచి శాసనసభకు వెళ్లలేదు. అంతకుముందు ఎం.జి.ఆర్. ఉన్న రోజుల్లో ఆర్. షణ్ముగం 1977, 1980, 1984లలో వరసగా మూడుసార్లు గెలిచారు. ఆ తర్వాత అంత నమ్మకం మేము ఎవరి మీదా పెట్టలేదు. 2021 తర్వాతి లెక్క నాకంటే మీకే బాగా తెలుసు కాబట్టి అక్కడితో ఆపుతున్నాను.

మనుషులు మారారు గానీ ఒక అలవాటు మారలేదు. 1971 నుంచి 2021 వరకు జరిగిన పన్నెండు ఎన్నికలూ వరసగా పెట్టి చూడండి. రాష్ట్రంలో ఏ కూటమి గెలిస్తే తిరుత్తణి కూడా ఆ కూటమి మనిషినే పంపింది. 2001లో పాట్టాళి మక్కళ్ కట్చి రవిరాజ్ గెలిచింది అన్నా డి.ఎం.కె. పొత్తులో. 2011లో విజయకాంత్ పార్టీ అరుణ్ సుబ్రమణియన్ గెలిచిందీ అదే పొత్తులో. ఒక్క 2006లోనే లెక్క తప్పింది. కరుణానిధి ముఖ్యమంత్రి అయ్యారు, మా హరిగారు ఎదురు బల్లల్లో కూర్చున్నారు. పక్క పళ్లిపట్టు నియోజకవర్గం ఆ ఏడాది డి.ఎం.కె. పొత్తులోని కాంగ్రెస్ అభ్యర్థి ఇ.ఎస్.ఎస్. రామన్‌ను గెలిపించి తెలివైనది అనిపించుకుంది.

దీన్ని గాలివాటం అని తీసిపారేయకండి. ఆంధ్ర సరిహద్దు మీద బతికేవాడికి సర్కారుతో తగవు పెట్టుకునే తీరిక ఉండదు. రోడ్డు, బస్సు, మగ్గాలకు కరెంటు, పట్టా, ఏది కావాలన్నా అధికారంలో ఉన్న చెయ్యి కావాలి. మరి యాభై ఏళ్లుగా సర్కారు పక్షం మనిషినే పంపుతున్నాం కదా, పనులు జరిగాయా అంటే, అక్కడే నా ఫిర్యాదు. తిండివనం నుంచి నగరికి వేయాల్సిన రైలు మార్గం 2006-07లో మంజూరైంది. ఆర్.కె.పేట, పళ్లిపట్టు, పొదటూరుపేట మీదుగా వెళ్లే దారి అది, దాదాపు 180 కిలోమీటర్లు. ఆ కాగితం పుట్టిన నాటి నుంచి 2021 దాకా మా ఎమ్మెల్యేలు నలుగురు మారారు. రైలు కేంద్రానిది, భూమి సేకరించి ఇవ్వాల్సింది రాష్ట్రం. ప్రతి కొత్త ఎమ్మెల్యేకీ అది కొత్త విషయమే. ఫైలు ఎక్కడ ఆగిందో పాతాయన కొత్తాయనకు చెప్పడు. చెప్పే ఆనవాయితీ మనకు లేదు కూడా.

అరుణ్ సుబ్రమణియన్ గారి సంగతి కాస్త విడిగా చెప్పాలి. 2011లో ఆయన పార్టీ 29 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. పొత్తు చెడ్డాక ఆ పార్టీ సభ్యుల్లో కొందరు ఒక్కొక్కరుగా వెళ్లి జయలలితను కలిశారు, నియోజకవర్గం పనుల కోసమే అన్నారు. ఈయనా వాళ్లలో ఉన్నారు. 2016 ఫిబ్రవరిలో, ఇంకో మూడు నెలల్లో గడువు ముగుస్తుందనగా, ఆ జట్టుతో పాటు రాజీనామా చేశారు. ప్రతిపక్ష నాయకుడిగా విజయకాంత్ హోదా దాంతో పోయింది. రాజకీయంగా అది పెద్ద వార్తే. పొదటూరుపేటలో మగ్గం గుంటలో కూర్చున్నవాడికి ఏం ఒరిగిందో నాకైతే కనిపించలేదు. ఆయన్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. సర్కారు పక్షాన లేకపోతే నియోజకవర్గానికి ఏమీ రాదన్న భయం మా ఓటరుకే కాదు, మా ఎమ్మెల్యేకూ ఉందని చెప్పడానికి అంటున్నాను.

ఈ భయం ఎప్పటినుంచి పట్టుకుందో నాకో అనుమానం ఉంది. ఈ స్థానానికి ఉన్న చరిత్ర తమిళనాడులో మరో స్థానానికి ఉండదు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లాతో పాటు తిరుత్తణి తాలూకా అటు వెళ్లింది. 1955లో ఇక్కడివాళ్లు ఆంధ్ర శాసనసభకు ఓటు వేశారు. 1957లో మద్రాసు రాష్ట్రమంతా శాసనసభకు ఓటేసింది, ఇక్కడ మాత్రం శాసనసభ ఎన్నిక లేదు, ఎందుకంటే అప్పటికి మనం ఆంధ్రప్రదేశ్. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడాది తెలంగాణలోనే శాసనసభ ఎన్నికలు జరిగాయి, 1955లో గెలిచినవాళ్లు 1962 దాకా కొనసాగారు. ఈలోగా రెండు రాష్ట్రాల సరిహద్దు తగవులో పటాస్కర్ మధ్యవర్తిత్వం, ఆ మీదట 1959 సరిహద్దు మార్పుల చట్టం. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి, పళ్లిపట్టు ఇటు వచ్చాయి, చెంగల్పట్టు జిల్లాలోని సత్యవేడు ప్రాంతం అటు వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ సభలోని ఒక నియోజకవర్గం మద్రాసు సభ లెక్కలో చేరి, అక్కడి స్థానాలు 205 నుంచి 206 అయ్యాయి. హైదరాబాదు సభలో 301 కాస్తా 300 అయింది. రేషన్ కార్డు పేరు మార్చుకోవడానికే ఆరు కాగితాలు అడిగే దేశంలో, ఒక తాలూకా ప్రజలు ఏ అర్జీ పెట్టకుండానే రాష్ట్రం మారిపోయారు.

1962లో మద్రాసు సభకు వేసిన మొదటి ఓటు చూడండి. కామరాజ్ కాంగ్రెస్ 139 స్థానాలు గెలిచింది, డి.ఎం.కె. 50 గెలిచింది. తిరుత్తణి రెండింటికీ కాదని ఇ.ఎస్. త్యాగరాజన్‌ను ఇండిపెండెంటుగా గెలిపించింది. కొత్తగా కలిసిన రాష్ట్రానికి మనం ఇచ్చిన మొదటి జవాబు అది. ఏ జెండా మాది కాదు, మా మనిషిని మేము చూసుకుంటాం అన్నట్టు.

1967 ఇంకా విచిత్రం. ఆ ఏడాది గెలిచిన కె. వినాయకం, తమిళ ఎల్లల పోరాట నాయకుడు మా.పొ.సి. నడిపిన తమిళరసు కళగంలో నిలిచి తిరుత్తణిని తమిళనాడుకు తేవాలని పోరాడిన వకీలు. ఆంధ్రలో ఉండగా మావాళ్లు ఎవరిని ఎదిరించారో ఆయన్నే కాంగ్రెస్ టిక్కెట్టు మీద గెలిపించారు. అదీ డి.ఎం.కె. ప్రభంజనంలో, విరుదునగర్‌లో కామరాజే ఓడిపోయిన ఎన్నికలో. మా.పొ.సి. మాత్రం ఆ ఏడాదే మద్రాసు త్యాగరాయనగర్ నుంచి డి.ఎం.కె. గుర్తు మీద సభకు వెళ్లారు. ఎల్లల పోరాటంలో భుజం భుజం కలిపిన ఇద్దరు ఎదురెదురు పార్టీల్లో తేలారన్నమాట. తెలుగు ఇళ్లలో వినాయకం గారికి ఎన్ని ఓట్లు పడ్డాయో బ్యాలెట్ పెట్టెలు చెప్పవు. కానీ ఏడేళ్ల కిందటి పగ ఇక్కడ ఎన్నికల సరుకు కాలేదని మాత్రం నిశ్చయంగా చెప్పొచ్చు. ఇవాళ్టికీ కాలేదు. ఎవరైనా చేయాలని చూస్తే మేమే ఒప్పుకోం.

1971లో త్యాగరాజన్ మళ్లీ గెలిచారు, ఈసారి డి.ఎం.కె. అభ్యర్థిగా. నా లెక్కలో మలుపు అక్కడే ఉంది. ఇండిపెండెంటుగా వెళ్లినాయన అధికార పార్టీ మనిషిగా వెళ్లారు, మేమూ ఆ దారే పట్టాం.

ఇక పళ్లిపట్టు. 2008 పునర్విభజనలో ఆ నియోజకవర్గాన్నే తీసేశారు. కాంగ్రెస్ తరఫున ఒకటికి రెండుసార్లు గెలిచిన ఎ. ఏకాంబర రెడ్డి స్థానం అది. తెలుగు పేరున్న, తెలుగులోనే పలకరించే ఎమ్మెల్యేను ఆ వైపు పల్లెలు ఎరుగును. స్థానం పోయాక పల్లెలన్నీ తిరుత్తణిలో కలిశాయి. 2001లో పళ్లిపట్టు నుంచి గెలిచిన నరసింహన్ 2016లో తిరుత్తణి నుంచి గెలవడంలో వింతేమీ లేదు, ఓటర్లు వాళ్లే. కాకపోతే ఒకప్పుడు రెండు గొంతులు ఉన్నచోట ఇప్పుడు ఒకటే ఉంది. కలెక్టరు తిరువళ్లూరులో, ఎం.పీ. అరక్కోణం సీటు మనిషి, మా సంత నగరిలో. ఈ మూడు దిక్కులకూ మధ్య మనిషి మీరొక్కరే.

అసలు విషయానికి వస్తాను. ఎన్నికల్లో మీ ప్రచార వాహనాన్ని దగ్గరనుంచి గమనించినవాణ్ణి. తిరుత్తణి బస్టాండు దగ్గర మైకు నిండా తమిళమే. పళ్లిపట్టు దాటి ఆంధ్రా సరిహద్దు పల్లెల్లోకి తిరగగానే మైకు పట్టుకున్న కుర్రాడు మారతాడు. "అక్కా, అన్నా, పెద్దాయనా, మన గుర్తు మరిచిపోవద్దు" అని తెలుగు మొదలవుతుంది. అభ్యర్థి జీపు దిగి, హారతి పళ్లెంలో నోటు వేసి, ముసలమ్మ చెయ్యి పట్టుకుని "బాగుండావా అవ్వా?" అంటాడు. ఏ పార్టీ అయినా ఇదే. ఆ తెలుగు బాగానే ఉంటుంది, నేర్చుకుని వచ్చింది కాదు, ఇంట్లోదే. లెక్కింపు ముగిసిన మర్నాటి నుంచి అది ఎక్కడికి పోతుందన్నదే నా ప్రశ్న.

ఆ అవ్వ మనవడి బడి చూడండి. సరిహద్దు పల్లెల్లో తెలుగు మీడియం బళ్లు ఇంకా ఉన్నాయి. నాకు తెలిసిన ఒక బడిలో ఒకే గదిలో రెండు తరగతులు, రెండు వైపులా రెండు బోర్డులు. పిల్లలు వీపులు ఆనించుకుని కూర్చుంటారు. ఉన్న ఒక్క తెలుగు టీచరమ్మ ఒక వైపు లెక్క ఇచ్చి, అది చేసేలోపు రెండో వైపు పాఠం చదివిస్తుంది. ఆమె సెలవు పెడితే రెండు వైపులా కథలే.

బళ్లలో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ 2006లో తెచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై 2015-16కు పదో తరగతికి చేరింది. అప్పటినుంచి ఈ పిల్లల పరీక్ష సంగతి కోర్టుల్లో నలుగుతూనే వచ్చింది. మద్రాసు హైకోర్టు మినహాయింపులు, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మరో ఏడాది గడువు. తమిళం వద్దని ఇక్కడ ఎవరూ అనరు. తమిళం రాకుండా ఇక్కడ బస్సు కూడా ఎక్కలేం, మా పిల్లలు గోడమీద మురుగన్ పేరు తమిళంలోనే రాస్తారు. తమిళం చెప్పే టీచర్నీ తెలుగు చెప్పే టీచర్నీ ఇద్దర్నీ వేయకుండా, పరీక్ష మాత్రం పెట్టడం న్యాయమా అన్నదే గొడవ. దీనికోసం తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. మా ఎమ్మెల్యేలలో ఎవరైనా దీన్ని సభలో పట్టుబట్టి అడిగిన సందర్భం మాకు వినబడలేదు. అడిగి ఉంటే ఆ ప్రసంగం మా ఊరి దాకా రాలేదు.

ఇంకోటి ఏరు. కొసస్థలై అటునుంచి వస్తుంది. చిత్తూరు వైపు కృష్ణాపురం జలాశయం గేట్లు ఎత్తితే పళ్లిపట్టు కాజ్‌వేలు మునుగుతాయి, అవతలి పల్లెలు చుట్టూ తిరిగి రావాలి. ఎండాకాలం బాధ వేరు. అటువైపు కత్తరపల్లి, ముక్కలకండ్రిగ దగ్గర రెండు జలాశయాలు కట్టబోతున్నారని 2022 ఆగస్టులో స్టాలిన్ గారు అప్పటి ముఖ్యమంత్రి జగన్‌కు ఉత్తరం రాశారు. ముఖ్యమంత్రుల ఉత్తరాలు ముఖ్యమంత్రులకు. గేట్లు ఎప్పుడు ఎత్తుతారో ముందురోజు ఫోన్ చేసి కనుక్కోవడానికి, నగరి ఎమ్మెల్యేతో కూర్చుని మాట్లాడటానికి ఏ ప్రోటోకాలూ అడ్డం రాదు. ఆ మాటలు తెలుగులోనే నడుస్తాయి. తమిళనాడు సభలో ఆ పని సులువుగా చేయగలవాళ్లలో తిరుత్తణి కుర్చీలో ఉన్నవారు ఒకరు.

సభలో తెలుగులో మాట్లాడమని నేను అడగను. హోసూరు నుంచి ఎమ్మెల్యేగా చేసిన కె. గోపీనాథ్ 2024లో కృష్ణగిరి ఎం.పీ.గా లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేస్తే మా ఇళ్లలో ఫోన్లలో ఆ వీడియో తెగ తిరిగింది. ముచ్చటగా ఉంది, కాదనను. వీడియో చూసి టీచరు పోస్టు భర్తీ కాదు. ప్రతి సెప్టెంబర్ 5న సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన ఊరని దండలు వేసి ఫోటోలు దిగుతారే, ఆ సంబరంలోనూ నాకు తోచేది అదే. ఉపాధ్యాయుడి పుట్టినరోజు జరిపే తాలూకాలో ఉపాధ్యాయుల ఖాళీల జాబితా ఎవరి దగ్గరా ఉండదు.

అడిగేది చిన్నదే. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. మీరు నెలకోసారి పళ్లిపట్టులో కూర్చుని తెలుగులో రాసిన అర్జీలు తీసుకోండి. వ్రాయించడానికి డబ్బులిచ్చి తాలూకాఫీసు బయట తమిళం రాసేవాణ్ణి పట్టుకునే ముసలివాళ్లు ఎంతమందో మీకే కనబడతారు. సరిహద్దు పల్లెల తెలుగు బళ్లలో ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో వచ్చే సమావేశాల్లో ప్రశ్న వేసి, వచ్చిన జవాబును అచ్చు వేయించి బడి గోడకు అంటించండి. రైలు మార్గానికి మీ ముందున్నవాళ్లు రాసిన ఉత్తరాలు, వచ్చిన జవాబులు ఒక్క ఫైలుగా కట్టి మీ కార్యాలయంలో పెట్టండి. మీరు ఓడినా, పార్టీ మారినా, టిక్కెట్టు రాకపోయినా అది తర్వాతి మనిషికి అందాలి. గెలిచిన ఏ ఇద్దరి మధ్యా మా తిరుత్తణిలో అలాంటి అప్పగింత జరిగిందని నేను వినలేదు. మీతో మొదలైతే సంతోషం.

జవాబు రాయదలిస్తే పళ్లిపట్టు తాలూకాఫీసు నోటీసు బోర్డు మీద పెట్టించండి. అర్జీల తేదీ కూడా అందులోనే వేయండి, ముందుగానే, అందరూ పనులు సర్దుకుని రావాలి.

ఇట్లు,
పళ్లిపట్టు వైపు ఓటరు ఒకడు