పదిహేను మేకల సైన్యం, కొన్ని రూల్సు, ఒక తొండి

మొన్న దసరాకి ఊరికి పోయినప్పుడు మా ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. పొలం గట్టు గురించి కాదు లెండి, పులి-మేక ఆట గురించి.

మా ఊరు జగిత్యాల దగ్గర. అక్కనిచ్చింది గోదావరి అవతల, లక్సెట్టిపేట దిక్కు. పాత లెక్కలో మాది కరీంనగర్ జిల్లా, వాళ్ళది ఆదిలాబాద్. 2016 దసరా నాడు జిల్లాలు చీలి మాది జగిత్యాల, వాళ్ళది మంచిర్యాల అయ్యాయి గానీ, మా ఇళ్ళలో ఇప్పటికీ ఇవతలి ఒడ్డు, అవతలి ఒడ్డు అనే లెక్కే నడుస్తుంది. రాయపట్నం బ్రిడ్జి దాటితే పులి-మేక రూల్సు కూడా మారతాయని మొన్ననే తెలిసింది.

జరిగింది ఇదీ. అక్క కొడుక్కి తొమ్మిదేళ్ళు. వాడివి మేకలు, మా బాపువి పులులు. పండగ కదా, వాడు ఫోన్ పక్కన పడేసి శ్రద్ధగా ఆడుతున్నాడు. రెండు మేకలే పోయినయి, రెండు పులుల్ని కట్టేశాడు కూడా. మూడోది ఒక్కటే మిగిలింది. అప్పుడు బాపు ఆ మూడో పులితో ఒక మేక మీది నుంచి దుంకి, ఆగకుండా ఇంకో మేక మీది నుంచి కూడా దుంకి, రెండు చింతగింజలు చేతిలోకి తీసుకున్నడు.

"తాత తొండి!" అని వాడు ఒకటే ఏడుపు.

"తొండి ఏందిరా, మేం చిన్నప్పటి సంది గిట్లనే ఆడినం" అని బాపు.

"మా దిక్కు అట్ల లేదు మామా, ఒక ఎత్తుకు ఒకటే దుంకుడు" అని బావ.

నన్ను అడిగారు. ఇన్నేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాణ్ణి, రూల్సు చదివి చెప్పడం నా పనే అనుకుంటారు ఇంట్లో. తీరా చూస్తే నాకూ తెలియదు! ఆడిన జ్ఞాపకం ఉంది, రూల్ జ్ఞాపకం లేదు. ఆ రాత్రి కాగితం మీద పటం గీసుకుని కూర్చున్నా. తేలిన సంగతులు ఇక్కడ రాస్తున్నా. ఇది ఎంత చిన్న ఆటో అంత మెలికలున్న ఆట.

ముందు పటం. పైన ఒక శిఖరం. అక్కడి నుంచి నాలుగు గీతలు విచ్చుకుంటూ కిందికి దిగుతాయి. వాటిని మూడు పొడుగు అడ్డగీతలు కోస్తాయి. ఈ మూడింటి చివర్లని రెండు పక్కలా నిలువు గీతలతో కలుపుతాం. అడుగున ఆ నాలుగు గీతల కొసల్ని కలుపుతూ ఇంకో అడ్డగీత. గీతలు కలిసే ప్రతి చోటూ ఒక స్థానం. శిఖరం 1, మూడు అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున 4, మొత్తం 23. పులులు 3, మేకలు 15. ఒక్క మేకా పోకుండా అన్నీ దిగితే మిగిలే ఖాళీలు ఐదంటే ఐదే. ఈ ఐదు అనే అంకె గుర్తుపెట్టుకోండి, తగాదాలు సగం అక్కడే పుడతాయి.

1. మేకలన్నీ దిగకముందే వాటిని కదపొచ్చా?

కదపకూడదు. పులులు మాత్రం మొదటి మేక దిగినప్పటి నుంచే తిరుగుతాయి, తింటాయి. ఇది అన్యాయంగా కనిపిస్తుంది గానీ ఆట ప్రాణం ఇదే. పులి నోటికి అందిన మేకని పక్కకి జరిపే వీలు లేదు. దాన్ని కాపాడే మార్గం ఒక్కటే: పులి దుంకి దిగబోయే ఖాళీలో కొత్త మేకని పెట్టడం. ఒకదాని వెనక ఇంకొకటి నిలబడితే పులి ఏం చేయలేదు. పదిహేను మేకలు సైన్యం అయ్యేది ఇక్కడే. కదపనిచ్చే ఇళ్ళు కూడా ఉన్నాయి, కానీ అప్పుడు ప్రతి మేకా తన ప్రాణం తను చూసుకుంటుంది, పక్కదాని అవసరం తగ్గిపోతుంది.

2. పులి ఎట్లా దుంకాలి?

గీసిన గీత మీద, తిన్నగా, పక్కనే ఉన్న ఒక్క మేక మీది నుంచి, దాని వెనకే ఉన్న ఖాళీలోకి. వంకర తిరగడం లేదు. ఇది అందరూ ఒప్పుకుంటారు గానీ దీంట్లోంచి వచ్చే ఫలితాన్ని చాలామంది గమనించరు. ఒక మేకని తినాలంటే గీత దాని గుండా అవతలికి పోవాలి. గీతలన్నీ ఆగిపోయే చోట నిలబడ్డ మేకని ఎవరూ తినలేరు. అట్లాంటి చోట్లు లెక్కపెట్టా: శిఖరం 1, నిలువు గీతల నాలుగు మూలలు, అడుగు గీత రెండు కొసలు. మొత్తం 7. మా మేనల్లుడికి ఇది చెప్తే వాడి మొహం వెలిగిపోయింది. మేకలు ముందు దిగాల్సింది అక్కడే. మిగతా 16 చోట్లలో దిగే మేకకి వెనక తోడు కావాలి.

3. ఒకే ఎత్తులో రెండు, మూడు దుంకొచ్చా?

మా ఇంటి తగాదా ఇదే. నా అభిప్రాయం: కుదరదు. బాపు మీద కోపంతో చెప్పట్లేదు :) మేకల చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, ప్రతి బెదిరింపుకీ ఒక జవాబు. పులి ఒకటి తిన్నాక మేకల వంతు వస్తే రెండో మేకని కాపాడుకునే అవకాశం ఉంటుంది. ఆ వంతు లాక్కుంటే ఇంక ఆడేది ఏముంది, తినిపించుకోవడమే. పటం ఖాళీగా ఉండే మొదటి పది ఎత్తుల్లో అయితే మరీ ఘోరం.

4. దొరికిన మేకని తినక తప్పదా?

బావ వాళ్ళ ఇంట్లో తప్పదంట. తినకపోతే "పులికి ఆకలి లేదా" అని ఎగతాళి చేసి మరీ తినిపిస్తారంట. వినడానికి పులికి లాభం అనిపిస్తుంది కదా? తిరగేసి ఆలోచించండి. తినక తప్పదంటే మేకని ఎర వేయొచ్చు. ఒకటి పోతే పోనీ అని పులిని మూలకి లాగి అక్కడ కట్టేయొచ్చు. మూలలో పులిని కట్టడానికి నాలుగు మేకలు చాలు: పక్కన రెండు, వాటి వెనక రెండు. అదే శిఖరం మీది పులికి ఎనిమిది కావాలి, పక్కన నాలుగు, వెనక నాలుగు. కాబట్టి పులిని మూలకి పిలిపించుకోగలగడం పెద్ద వరమే. నేనైతే తినడం పులి ఇష్టం అంటాను, కానీ బావ వాళ్ళ ఆటని తప్పు అనను. అది వేరే ఆట, అంతే.

5. కట్టుబడ్డ పులి చచ్చినట్టా?

కొందరు అప్పుడే పటం మీద నుంచి తీసేస్తారు. తీయొద్దు. కట్టిన మేకల్లో ఒకటి కదిలితే ఆ పులికి మళ్ళీ ప్రాణం వస్తుంది. మూడింటినీ ఒకేసారి కట్టి ఉంచడమే మేకల గెలుపు. తీసేయనిస్తే కాపలా కాసే మేకలకి సెలవు ఇచ్చినట్టే, మిగతా రెండు పులుల మీద మొత్తం సైన్యం పడుతుంది.

6. మేకలు "నేను కదపను" అనొచ్చా?

అనకూడదు. ఇది పులికి అనుకూలమైన రూల్, అయినా నేను ఒప్పుకుంటా. అన్నీ దిగాక, కట్టుదిట్టంగా నిలబడ్డాక, ఐదు ఖాళీల్లో ఎవరో ఒకరు కదలాలి. కదిలితే సందు పడుతుంది. ఆ సందు పడకుండా కదలడంలోనే మేకల తెలివంతా ఉంది. ఊరికే కూర్చోనిస్తే ఆట ఆగిపోతుంది.

దీనికి తోక ఒకటుంది. పులి ముందుకీ వెనక్కీ, మేక ముందుకీ వెనక్కీ, పొద్దు గూకేదాకా అదే ఎత్తు. చదరంగానికి దీని మీద రాసిపెట్టిన రూల్ ఉంది: ఒకే స్థితి మూడుసార్లు వస్తే డ్రా అడగొచ్చు. 2014 నుంచి అయితే ఐదుసార్లు వస్తే అడగకపోయినా డ్రానే. మనకి రాసిన పుస్తకం లేదు కాబట్టి మా ఇంట్లో మూడుసార్లకి "సమానం" అనుకున్నాం. దీనికి నామోషీ పడక్కర్లేదు. నేపాల్‌లో నాలుగు పులులు, ఇరవై మేకలతో ఆడే బాఘ్-చాల్‌ని కంప్యూటర్ మీద పూర్తిగా లెక్కగట్టి, ఇద్దరూ తప్పు చేయకపోతే అది డ్రా అని తేల్చారు. మన పటం వేరు, లెక్క వేరు, అది మనకి అంటించొద్దు.

7. ఎన్ని మేకలు పోతే పులులు గెలిచినట్టు?

ఐదంటారు, ఆరంటారు, "ఇంక కట్టలేవు, ఒప్పుకో" అంటారు. మూడు పులులు మూడు వేర్వేరు మూలల్లో విడివిడిగా ఉంటే తలా నాలుగు చొప్పున 12 మేకలు కావాలి. అంటే నాలుగు పోతే పని అయిపోయిందా? కాలేదు. రెండు పులులు ఒకే నిలువు గీత రెండు మూలల్లో ఇరుక్కుంటే వాటికి ఐదు చాలు, మూడోదానికి నాలుగు, మొత్తం 9. మూడూ ఒకే నిలువు గీత మీద వరసగా నిలబడితే (అంత తెలివితక్కువ పులులుంటే!) ఆరు మేకలతో మూడింటినీ కట్టొచ్చు. పులి పులి మీది నుంచి దుంకదు కదా, ఒకదానికొకటే అడ్డం. కాబట్టి అంకె ఏదైనా అది ఒప్పందమే తప్ప లెక్క కాదు. ముందే అనుకుంటే చాలు.

ఇక్కడిదాకా రూల్సు. ఇప్పుడు అసలు సంగతి.

మనవాళ్ళం ఏ తగాదా వచ్చినా "అఫీషియల్ రూల్ ఏంటి" అని వెతుకుతాం. ఫోన్లో ఏదో ఒక యాప్ దొరుకుతుంది, దాన్ని రాసినవాడికి వాళ్ళ ఇంట్లో తెలిసిన రూలే అందులో ఉంటుంది, దాన్నే వేదం అనుకుంటాం. ఈ ఆటకి ఫెడరేషన్ రాసిచ్చిన పుస్తకం లేదు. గచ్చు మీద బొగ్గుతోనో సుద్దతోనో గీసి, చింతగింజలు పెట్టి నేర్చుకున్నదే ఉంది. కాబట్టి "సరైన రూల్ ఏది" అన్న ప్రశ్నకి జవాబు లేదు. కానీ ఇంకో ప్రశ్న ఉంది: రూల్ ఎప్పుడు గుర్తొస్తుంది, ఎవరికి గుర్తొస్తుంది?

మా ఇంట్లో పులులు ఎప్పుడూ పెద్దవాళ్ళవే. పిల్లలకి మేకలు. మొదట్లో రూల్సు ఎవరూ చెప్పరు. ఆట బిగుసుకున్నాక, పులి ఇరుక్కున్నాక, సరిగ్గా అప్పుడే పెద్దవాళ్ళకి చిన్నప్పటి రూల్ ఒకటి గుర్తొస్తుంది. బాపు అబద్ధం చెప్పలేదు. నిజంగానే అట్లా ఆడి ఉంటారు. కానీ ఆ జ్ఞాపకం ఓడిపోయేటప్పుడే రావడం చూడండి. రిలీజ్‌కి రెండు రోజుల ముందు "ఇది మొదటి నుంచీ స్కోప్‌లోనే ఉంది కదా" అని మెయిల్ పెట్టే క్లయింటు కూడా అబద్ధం చెప్పడు. ఆయనకి నిజంగానే అట్లా గుర్తుంటుంది. మనం మేకలం, ఎన్ని రాత్రులు కూర్చుని దానికి అడ్డం నిలబడ్డామో మనకే తెలుసు.

నన్ను నేను వదిలేసుకోను. మర్నాడు నేను పులులు తీసుకుని మేనల్లుడితో ఆడా. వాడు ఏడు మూలలూ పట్టుకుని బిగించేశాడు. అప్పుడు నేను ఏమన్నానో తెలుసా? "అరేయ్, కదపను అంటే కుదరదురా, కదపాలె." రూల్ సరైనదే, పైన నేనే రాశా. కానీ ముందు చెప్పలేదు. వాడు నా వైపు చూసిన చూపు నిన్న తాత వైపు చూసిన చూపే.

కాబట్టి నా ప్రతిపాదన రెండు ముక్కలు. ఒకటి, పైన చెప్పిన ఏడు ప్రశ్నలకీ మొదటి మేక దిగకముందే జవాబు చెప్పుకోవాలి. ఆట మధ్యలో గుర్తొచ్చిన రూల్ ఎంత పాతదైనా, ఎంత సరైనదైనా, వచ్చే ఆటకే వర్తిస్తుంది. రెండు, పులి-మేక ఒక్క ఆట ఆడకూడదు, జంటగా ఆడాలి. రెండో ఆటలో పులులు అటు, మేకలు ఇటు. ఎవరి పులులు ఎక్కువ మేకల్ని తింటే వాళ్ళు గెలిచినట్టు. బెల్లం ముక్క ఒకడు కొడితే ఇంకొకడు ముందు ఎంచుకున్నట్టు అన్నమాట. కాసేపట్లో మేకలు పట్టాల్సినవాడు పులికి రెండు దుంకులు అడగడు.

బాపుకి ఈ సంగతి చెప్తే "ఆటకి గింత లా పాయింటు ఎందుకురా" అన్నడు. అయినా క్యాలెండర్ వెనక స్కెచ్ పెన్‌తో ఏడు రూల్సూ రాసి గోడకి పెట్టాం. మా ఒడ్డువి కొన్ని, బావ వాళ్ళ ఒడ్డువి కొన్ని. తినక తప్పదు అన్నది మాత్రం బావ ఎంత చెప్పినా బాపు ఒప్పుకోలేదు.

సాయంత్రం మళ్ళీ కూర్చున్నరు. మొదటి ఆటలో బాపు పులులు ఆరు మేకల్ని తిన్నయి. రెండో ఆటకి పులులు మనవడి చేతికి పోయినయి. బాపు పదిహేను చింతగింజలు లెక్కపెట్టుకుని, మొదటిది అడుగు మూల మీద పెట్టబోయి ఆగి, కళ్ళద్దాలు సవరించుకుని గోడ మీది కాగితం వంక చూసిండు.

"అరేయ్, ఒక్క ఎత్తుకు ఒకటే దుంకుడు అని రాసినం కదరా?"

"రాసినం తాతా" అన్నడు వాడు.

"గట్లయితే ఆడు" అని మేకని పెట్టిండు.