స్టీరింగు చక్రములోని మందుగుండు



బళ్లారికీ గుంతకల్లుకూ నడుమనున్న మా హగరి వంటి ఊళ్లలో బండి మరమ్మతు చెట్టు క్రిందనో, రేకుల షెడ్డులోనో జరుగుచుండును. మా మెకానిక్కులు చాలవరకు పాత లారీల మీద చేయి తిరిగినవారు. వారి నేర్పును తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. కాని ఆ లారీలలో లేని వస్తువొకటి నేడు వారి చేతికి వచ్చుచున్నది. అది స్టీరింగు నడుమ మడిచి పెట్టిన ఎయిర్ బ్యాగు.

కొత్త కార్లలో డ్రైవరుకు ఎయిర్ బ్యాగు ఉండితీరవలెనని 2019 జులై 1 నుండి నిబంధన అమలులోనికి వచ్చినది. కొన్ని పికప్ బండ్లలోను అది కలదు. ఆ బండ్లు చేతులు మారి, పాతబడి, మా షెడ్లకు చేరుచున్నవి.

పేరునకు గాలిసంచియే గాని, దాని వెనుకనున్నది మందుగుండు డబ్బా. విద్యుత్తు తగిలిన రెప్పపాటులో సంచి ఉబ్బి బయటికి దూకును. ప్రమాదములో ప్రాణము కాపాడునది అదియే. ముఖము దగ్గర పెట్టుకొని విప్పునపుడు ప్రాణము మీదికి తెచ్చునదియు అదియే. ఈ మధ్య ఒక షెడ్డులో పదునారేండ్ల కుర్రవాడు బ్యాటరీ తీగ తీయకయే, పాత లారీకి వలె చక్రమును సుత్తితో కొట్టుచుండుట చూచితిని. వానికి చెప్పినవారు లేరు.

చేయవలసిన పని పెద్దది కాదు. ముందు చక్రములను నేరుగా నిలిపి, తాళము తీసి, బ్యాటరీ నెగటివు తీగను విడదీయవలెను. తీగ తీసినను కొంత విద్యుత్తు లోపల నిలువయుండును గనుక, ఆ బండి పుస్తకములో చెప్పినంతసేపు ఆగవలెను. విప్పిన ఎయిర్ బ్యాగును మూతవైపు తన ఒంటికి ఎదురుగా లేకుండ పట్టుకొని, నేలపై మూత పైకి ఉండునట్లు పెట్టవలెను. బోర్లించినచో, పేలినపుడు డబ్బాయే పైకెగురును. మీటరు పెట్టి పరీక్షించుట, వేడి తగిలించుట కూడదు. చక్రమును సుత్తితో గాక పుల్లరుతో తీయవలెను.

పాతబడిన ఎయిర్ బ్యాగుల ముప్పు వేరొకటి గలదు. జపాను దేశపు టకాటా కంపెనీ చేసిన కొన్నిటిలో మందు ఏండ్ల తరబడి వేడికి, తేమకు చెడి, పేలినపుడు ఇనుప డబ్బాయే ముక్కలై మనుష్యులను చంపినది. 2006 నాటి రేంజరు పికప్ బండ్లు సుమారు 2,900 ఉన్నవారిని వాటిని నడపనేవద్దని ఫోర్డు కంపెనీ 2018 జనవరిలో హెచ్చరించినది. మన దేశమున హోండా కంపెనీ పాత కార్లను పిలిపించి ఈ భాగమును ఉచితముగా మార్చినది. పాత బండి కొనువారు ఇట్టి పిలుపు ఉన్నదో లేదో విచారించుకొనుట మేలు.

ఎయిర్ బ్యాగు పీకివేసిన గొడవ వదలునని కొందరందురు. అది ఇంటికి దొంగ వచ్చునేమోనని తలుపు పీకివేసినట్లుండును.

మా జిల్లా 1953లో మైసూరు రాష్ట్రమున చేరినది. అప్పటినుండి మాకు ఇంట తెలుగు, బడిలో కన్నడము. మరమ్మతు పుస్తకము మాత్రము ఇంగ్లీషు. ఆ పుస్తకము షెడ్డు కుర్రవానికి ఏమి ఉపయోగము? కావున బండ్ల కంపెనీలు ఈ ఒక్క పనిని బొమ్మలతో, తెలుగు కన్నడములలో ఒక కాగితముపై అచ్చువేసి షెడ్లకు పంపవలెను. ఐ.టి.ఐ.లు పనిలోనున్న మెకానిక్కులకు ఆదివారపు తరగతి నడుపవలెను. 15 ఏండ్ల తరువాత రిజిస్ట్రేషను పొడిగింపునకు వచ్చిన కార్లలో ఎయిర్ బ్యాగు దీపమును రవాణా అధికారులు తప్పక చూడవలెను. పాత ఇనుము కొనువారు గ్యాసుతో కోయుటకు ముందే పేలని ఎయిర్ బ్యాగును తీయించవలెను.

ఒక కాగితపు ఖర్చుతో ఒక పిల్లవాని కన్నులు నిలుచునేని అది దుబారా కాదని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రభుత్వ గుమాస్తా,
హగరి, బళ్లారి జిల్లా.