బోనుకు పెట్టిన పేర్లు

జైలు అనే మాట మన నాలుకల మీద ఎంతగా నానిపోయిందంటే, అది పరాయి మాటన్న సంగతే గుర్తుండదు. దాని పుట్టుక తెలియాలంటే లాటిన్ దాకా వెళ్లాలి. అక్కడ ‘కావియా’ అంటే బోను, ‘కావియోలా’ అంటే చిన్న బోను. ఆ చిన్న బోనే ఫ్రెంచి వాళ్ల నోళ్లలో అరిగి ఇంగ్లండు చేరింది. నార్మన్లు తెచ్చిన రూపం ఒకటి, పారిస్ వైపు రూపం ఇంకొకటి. ఇంగ్లీషు రెంటినీ ఉంచుకుంది కాబట్టి ఒకే పలుకుబడికి రెండు స్పెల్లింగులు మిగిలాయి.

ప్రిజన్ అనే మాటకు లాటిన్‌లో మూలార్థం పట్టుకోవడం. మన చెరసాలదీ ఆ దారే; చెరపట్టడంలోని చెరే అందులోనూ ఉంది. సీతమ్మ చెర అన్నప్పుడు గోడలూ ఊచలూ మనకు తోచవు, బలవంతంగా పట్టుకుపోవడమే తోస్తుంది. డంజన్ కథ మరీ వింత. కోటలో ప్రభువు నివసించే ఎత్తైన బురుజుకు ఆ పేరు. లాటిన్‌లో యజమానిని చెప్పే ‘డామినస్’ దాని మూలం. కాలక్రమంలో పేరు మెట్లు దిగి, బురుజు అడుగున ఉన్న చీకటి కొట్టుకు స్థిరపడింది.

ఇంతవరకు మాటలు చేసిన పనినే చెప్పాయి: పట్టుకోవడం, బోనులో పెట్టడం. ఆ తర్వాత వచ్చిన మాట ఆశయాన్ని చెప్పింది. అది పెనిటెన్షియరీ, అంటే పశ్చాత్తాపపడే చోటు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1829లో తెరిచిన ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షియరీ వెనుక క్వేకర్లనే క్రైస్తవ శాఖవారి ధర్మచింతన ఉంది. కొరడాల కన్నా ఏకాంతం మేలన్నది వారి నమ్మకం. మనిషిని ఒంటరిగా ఉంచి, చేతికి బైబిల్ ఇస్తే అంతరాత్మ మేలుకొంటుందనుకున్నారు. సన్యాసులు ధ్యానం చేసుకునే గదికి ఉన్న ‘సెల్’ అనే పేరు ఖైదీ కొట్టుకూ చక్కగా అమరింది. తోటి ఖైదీల ముఖం కనిపించకుండా, బయటికి తీసుకువెళ్లేటప్పుడు తలకు ముసుగు వేసేవారు. 1842లో దాన్ని చూసిన చార్లెస్ డికెన్స్ కలత చెందాడు. నడిపేవారి ఉద్దేశం మంచిదే గానీ తాము చేస్తున్నదేమిటో వారికే తెలియదని రాశాడు. ఆ మాట నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది. సన్యాసి తన గది తలుపు తానే మూసుకుంటాడు. ఖైదీ గదికి గడియ బయట ఉంటుంది.

అదే ‘సెల్’ సముద్రం దాటి మన దేశానికీ వచ్చింది. అండమాన్‌లో 1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులర్ జైలుకు ఆ పేరు ఒంటరి కొట్ల వల్లే వచ్చింది. అక్కడ పశ్చాత్తాపం ఊసు లేదు, గానుగ తిప్పడం ఉండేది.

ఇప్పటి మాట దిద్దుబాటు. పశ్చిమ బెంగాల్ 1992 నాటి చట్టంతోనే జైళ్లను దిద్దుబాటు గృహాలుగా పిలవసాగింది. 1894 నాటి జైళ్ల చట్టం స్థానంలో కేంద్రం 2023లో రూపొందించిన నమూనా చట్టం పేరులోనూ దిద్దుబాటు సేవలున్నాయి. మంచి పేరు పెట్టడాన్ని నేను తప్పుపట్టను. పేరు చూసి కొందరు అధికారులైనా తమ పనిని మరోలా తలుస్తారు. మన తెలుగువాళ్లు జైలును శ్రీకృష్ణ జన్మస్థానం అనడంలోనూ, లోపల ఉన్నవాడు దుర్మార్గుడే కానక్కర్లేదన్న ఎరుక ఉంది. దేవకీ వసుదేవులు చేసిన నేరమేమిటి?

2022 లెక్కల ప్రకారం మన దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. వారి నేరం ఇంకా రుజువు కాలేదు. దిద్దవలసింది ఉందో లేదో ఏ కోర్టూ తేల్చకముందే వారు దిద్దుబాటు గృహాల్లో ఉన్నారు. ముందు వారి కేసులు త్వరగా విచారణకు రావాలి. జైళ్లకు కొత్త పేర్లు ఆ తర్వాత ఆలోచించవచ్చు.