'తిన్నవా' అని అడిగితే ఇక అబద్ధం చెప్పొద్దు



డ్యూటీ అయి, బస్సు దిగి, రూముకొచ్చి ఫోన్ పట్టుకోగానే ఇంటి నుంచి వచ్చే మొదటి మాట ఏంది? 'తిన్నవా బిడ్డా?' జగిత్యాలలో ఉన్న అమ్మ అయినా, కడపలో ఉన్న అక్క అయినా, కోనసీమలో ఉన్న భార్య అయినా అడిగేది అదే. యాస ఒక్కటే మారుతుంది. మనం చెప్పే జవాబు కూడా ఒక్కటే. 'ఆ, తిన్న.' ఏం తిన్నవంటే, 'అన్నం, పప్పు' అంటాం. నిజానికి తిన్నది పొద్దున మిగిలిన ఖుబూస్, దాంట్లోకి సీసా పచ్చడి. లేదంటే వేడినీళ్ళు పోసుకున్న నూడుల్స్, పైన ఒక కూల్ డ్రింకు.

ఈ వారం జీతం బకాయిల గురించీ, వీసా సంగతుల గురించీ రాయడం లేదు. అవి ఎప్పుడూ ఉండేవే, వచ్చే వారం రాస్తాం. ఈసారి డ్యూటీ అయ్యాక మన చేతిలో మిగిలే రెండు గంటల గురించి మాట్లాడుకుందాం. మన పొట్ట, మన మనసు బాగుపడేదైనా పాడయ్యేదైనా ఆ రెండు గంటల్లోనే.

*ఆ రెండు గంటలు ఎటు పోతున్నయి?*

సోనాపూర్ అయినా, అల్ ఖూజ్ అయినా, జెబెల్ అలీ అయినా సాయంత్రం ఒక్క తీరే ఉంటుంది. స్నానానికి లైను, బట్టలు ఉతకడానికి లైను, స్టవ్ కాడ లైను. ఇంత అలసట మీద వంట ఏంది అనిపిస్తుంది. మంచం మీద ఒరిగి ఫోన్‌లో చిన్న చిన్న వీడియోలు వేలితో తోసుకుంటూ పోతాం. గంటన్నర అయినంక 'ఏం చూసినవ్ తమ్మీ' అంటే ఒక్కటీ గుర్తుండదు. రూములో ఆరుగురు ఉంటారు, ఆరుగురి చెవుల్లో ఆరు ఇయర్‌ఫోన్లు. మాట ఉండదు. నిద్రపోయేసరికి పన్నెండు దాటుతుంది, నాలుగున్నరకు అలారం మోగుతుంది.

ఇది ఎవరినీ తప్పుపట్టడానికి రాయడం లేదు. ఈ మాట రాస్తున్న మేమూ అదే మంచాల మీద పడుకుంటున్నం. కానీ మనం ఇక్కడికి వచ్చింది ఒంటిని పెట్టుబడి పెట్టి. ఊర్లో బాకీ తీరాలన్నా, చెల్లె పెళ్ళి కావాలన్నా, పిల్లల ఫీజు కట్టాలన్నా ఈ ఒళ్ళే ఆధారం. ఆ పెట్టుబడిని మనమే కొంచెం కొంచెంగా పాడు చేసుకుంటే ఎట్లా?

రెండు లెక్కలు చూడండి. రోజుకు ఒక మనిషికి ఉప్పు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ స్పూను లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అన్నంలో, కూరలో ఉప్పు మామూలుగా ఉండనే ఉంటుంది. దాని మీద ఊరగాయ, నూడుల్స్ పొడి ప్యాకెట్, చిప్స్ చేరితే ఆ స్పూను ఎప్పుడో దాటిపోతుంది. ఇక 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో 35 గ్రాముల చక్కెర ఉంటుంది, దగ్గర దగ్గర ఎనిమిది తొమ్మిది టీ స్పూన్లు. ఎండలో దప్పికకు ఒకటి, రాత్రి అన్నంతో ఒకటి, మధ్యలో మూడు చాయ్‌లు అంటే మీరే లెక్క కట్టుకోండి. బీపీ, షుగర్ చడీచప్పుడు లేకుండా వస్తయి. కిడ్నీల దాకా పోయినంకే బయటపడితే చేసేది తక్కువ.

ఒక మాట. ఎండలో చెమటోడ్చేవాళ్ళకు నీళ్ళూ కావాలి, ఉప్పూ కావాలి, నిజమే. దానికి సైట్‌లో ఇచ్చే ఓఆర్‌ఎస్ ఉంది, మజ్జిగ ఉంది. పచ్చడి సీసా దానికి మందు కాదు.

*ఒక్క గిన్నె పప్పు*

ఆరోగ్యంగా తినాలంటే ఖరీదైన సామాన్లు కావాలని ఎవరో మనకు ఎక్కించారు. మన అమ్మలు వండింది ఏంది? పప్పు, ఆకుకూర, చారు, మజ్జిగ. ఇవన్నీ ఇక్కడి బకాలాల్లో దొరికేవే. కందిపప్పు ఉడికేంత ఓపిక లేకపోతే మసూర్ పప్పు తెచ్చుకోండి. నానబెట్టే పని లేదు, కుక్కర్ లేకున్నా ఉడుకుతుంది.

నలుగురు ఉన్న మెస్‌కు ఇట్లా చేయండి. మసూర్ పప్పు ఒకటిన్నర గ్లాసు కడిగి ఐదు గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు వేసి పొయ్యి మీద పెట్టండి. పైన వచ్చే నురుగు తీసేయండి. పదిహేను నిమిషాలకు మూడు టమాటాలు, నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక కట్ట పాలకూర తరిగి వేయండి. ఇంకో పది నిమిషాలకు అంతా మెత్తబడుతుంది. అప్పుడు ఉప్పు, ఒకటిన్నర టీ స్పూను చాలు. రెండు స్పూన్ల నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి వేసి పోపు పెట్టండి. పాలకూర బదులు గోంగూర దొరికిన రోజు ఇక చెప్పేదేముంది! పక్కన ఒక ఉడికించిన గుడ్డు, రెండు కీరా ముక్కలు. లబన్ అని సీసాల్లో అమ్మేది మన మజ్జిగ లాంటిదే, కూల్ డ్రింకు బదులు అది తాగండి.

నలుగురు కలిస్తే ఒక్కొక్కరి వంతు నాలుగు రోజులకు ఒకసారి వస్తుంది. ఒకరు వండితే ఒకరు కూరగాయలు తరగాలి, ఒకరు గిన్నెలు తోమాలి, ఒకరు సామాను లెక్క రాయాలి. మెస్‌లు విడిపోయేది రుచి దగ్గర కాదు, లెక్క దగ్గర. అందుకే లెక్క గోడ మీద కాగితంలో అందరికీ కనబడేలా పెట్టండి.

మధ్యాహ్నం డబ్బా సంగతి వేరు. తెల్లవారుజామున కట్టిన అన్నం ఎండలో మధ్యాహ్నం దాకా ఉంటే వాసన రాకున్నా లోపల పాడవుతుంది. వాంతులు, విరేచనాలతో రెండు రోజుల జీతం పోయినవాళ్ళు మన గ్రూపులోనే ఉన్నారు. ఎండాకాలం డబ్బాలోకి చపాతీ, జొన్నరొట్టె, వేయించిన పల్లీలు, ఉల్లిగడ్డ, పండ్లు మేలు. అన్నమే కావాలంటే పులిహోర కలుపుకోండి. ప్రయాణాలకు పెద్దవాళ్ళు పులిహోర కట్టింది ఊరికే కాదు, చింతపండు పులుపు అన్నాన్ని కొంతసేపు కాపాడుతుంది. అదైనా డబ్బా నీడలోనే పెట్టండి.

*చేతులు పనిలో, చెవులు కథలో*

ఇప్పుడు రెండో సంగతి. వంట చేస్తే పొద్దుపోదు, విసుగొస్తుంది అంటారు. అక్కడే మా మాట వినండి. పప్పు ఉడికే అరగంట చేతులకు పని ఉంటుంది, చెవులు ఖాళీగా ఉంటయి. ఆ చెవులకు ఒక కథ పెట్టండి.

పుస్తకం వినడం అంటే కొత్త సంగతి అనుకోవద్దు. మన తాతలు చదివింది తక్కువ, విన్నది ఎక్కువ. మల్లన్న కథ ఒగ్గు వాళ్ళ నోట విన్నారు. బుర్రకథ, హరికథ రాత్రంతా కూర్చొని విన్నారు. ఆ వినికిడే ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చింది. దాసుభాషితం లాంటి యాప్‌లో తెలుగు పుస్తకాలు చదివి వినిపిస్తారు. అమెరికాలో ఉండే కిరణ్‌ప్రభ గారు రచయితల గురించి, సినిమావాళ్ళ గురించి, చరిత్ర గురించి చేసిన టాక్ షోలు యూట్యూబ్‌లో ఉన్నాయి. ఆకాశవాణి వాళ్ళ న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో తెలుగు స్టేషన్లు ఇక్కడ కూర్చొని వినొచ్చు. కొన్ని ఉచితం, కొన్నింటికి డబ్బు కట్టాలి. కట్టే ముందు ఎన్ని నెలలకో, తనంతట తానే మళ్ళీ కట్ అవుతుందో చూసుకోండి.

డేటా భయం కూడా వద్దు. మామూలు నాణ్యత ఆడియో గంటకు 30 ఎంబీ దాకా పడుతుంది. వీడియో అయితే దానికి ఎన్నో రెట్లు. యాప్‌లో డౌన్‌లోడ్ ఉంటే రూములో వైఫై ఉన్నప్పుడు దింపుకోండి, తర్వాత నెట్ లేకున్నా వినొచ్చు.

మా రూములో జరిగింది చెప్తాం. స్టీల్ ఫిక్సింగ్ పని చేసే ఒక పెద్దన్న ఉన్నాడు. ఇరవై ఏళ్ళ నుంచి గల్ఫ్‌లోనే. చదువు రాదు, ఇప్పటికీ వేలిముద్రే. ఒకరోజు వంట దగ్గర ఎవరో స్పీకర్‌లో 'బారిష్టర్ పార్వతీశం' పెట్టారు. మొక్కపాటి నరసింహశాస్త్రి గారు నూరేళ్ళ కింద రాసిన నవల అది. మొగల్తూరు కుర్రాడు బారిష్టర్ చదువు చదవాలని ఓడెక్కి ఇంగ్లండ్ పోయి పడ్డ తిప్పలు. తెలియని తిండి, తెలియని మాట, ఎవరేమంటున్నారో అర్థంకాని అయోమయం. మొదట పెద్దన్న మామూలుగా వింటూ ఉన్నాడు. తర్వాత కడుపు పట్టుకొని నవ్వుడు. నవ్వి నవ్వి, 'అరే, నేను మొదటిసారి ఎయిర్‌పోర్ట్‌ల దిగినప్పుడు గిదే కథ' అని మొదలుపెట్టి, కదిలే మెట్ల దగ్గర అరగంట నిలబడిపోయిన సంగతి చెప్పాడు. ఇరవై ఏళ్ళలో ఆ మాట ఎవరికీ చెప్పలేదట, నవ్వుతారని. ఆ రాత్రి అందరూ నవ్వారు, తర్వాత ఒక్కొక్కరూ తమ మొదటి రోజు చెప్పుకున్నారు. ఏజెంట్ చేతిలో మోసపోయింది ఒకరు, మొదటి నెల దిండులో ముఖం పెట్టుకొని ఏడ్చింది ఒకరు. ఒకే రూములో మూడేళ్ళు ఉండి మాకు తెలియని సంగతులు అవి.

ఇప్పుడు పెద్దన్న వంతు లేకపోయినా కూరగాయలు తరగడానికి వస్తాడు. 'నిన్న ఎక్కడ ఆపినం?' అని అడుగుతాడు. అక్షరాలు రాకపోతే పుస్తకాలు మనవి కావు అనుకున్న మనిషి ఆయన.

మీకు ఏది నచ్చితే అది వినండి. నవ్వు కావాలంటే నవ్వు, భక్తి కావాలంటే ప్రవచనం, తెలంగాణ పల్లె జీవితం కావాలంటే దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్ళు' గురించి వెతకండి. ఇంగ్లీషో, అరబిక్‌లో నాలుగు మాటలో నేర్చుకునే ఆడియో పాఠాలు వినండి. రోజుకు అరగంట చాలు. మంచం ఎక్కినంక వినేవాళ్ళు టైమర్ పెట్టుకోండి, దానంతట అది ఆగుతుంది, కళ్ళకు వెలుతురు తగలదు.

*కొన్ని జాగ్రత్తలు*

సైట్‌లో ఇయర్‌ఫోన్లు వద్దే వద్దు. క్రేన్ సైరన్, వెనక్కి వచ్చే లారీ హారన్ వినబడకపోతే కథ కాదు, మన కథే ముగుస్తుంది. రోడ్డు దాటేటప్పుడూ అంతే. సౌండ్ 60 శాతం లోపే ఉంచండి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఎమిరేట్స్‌లో మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. నీడలో కూర్చునే ఆ టైంలో కథ వినొచ్చు, అయితే ముందు నీళ్ళు తాగి కాసేపు కళ్ళు మూసుకోండి.

రూములో మంచాల మధ్య హీటర్ గానీ కరెంటు స్టవ్ గానీ పెట్టకండి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికుల బిల్డింగ్ కాలిపోయి మన దేశం వాళ్ళు 40 మందికి పైగా చనిపోయారు. ఆ మంట వంటతో వచ్చింది కాదు. అయినా కిక్కిరిసిన బిల్డింగ్‌లో నిప్పు పుడితే ఏమవుతుందో అది మనకు చూపించింది. వంట కిచెన్‌లోనే. కిచెన్ సరిగా లేకపోతే, స్టవ్‌లు చాలకపోతే, పదిమంది కలిసి క్యాంపు బాస్‌ను అడగండి. బాగా తినండి అని మేము చెప్తున్నామంటే కంపెనీ బాధ్యత తీరిపోయిందని కాదు.

మనసు వారాల తరబడి బరువుగా ఉండి, నిద్ర పట్టక, చెడ్డ ఆలోచనలు వస్తుంటే మాత్రం కథల మీద వదిలేయకండి. పక్కవాడికి చెప్పండి, డాక్టర్‌కు చెప్పండి, దుబాయిలోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రాన్ని అడగండి. అడగడం చిన్నతనం కాదు.

*ఈ సెలవు రోజు చేయండి*

ఇక్కడ వాట్సాప్ కాల్ కలవకపోయినా వాయిస్ మెసేజ్ పోతుంది కదా. ఈ సెలవు రోజు ఇంటికి ఒక మెసేజ్ పెట్టండి. 'అమ్మా, నువ్వు పచ్చిపులుసు ఎట్లా చేస్తవో చెప్పు' అని. లేదా చేపల పులుసు, ఉలవచారు, రాగి సంగటి, మీ ఇంటి రుచి ఏదైతే అది. ఆమె చెప్తుంది చూడండి. 'ఉప్పు చూసుకో, చేతులు కాల్చుకోకు, ఒక్కనివే తినకు' అని నడుమ నడుమ అంటుంది. ఆ మెసేజ్ స్పీకర్‌లో పెట్టుకొని వండండి. దాచుకోండి. మీ ఫోన్‌లో ఎన్ని పుస్తకాలు ఉన్నా దానంత విలువైంది ఇంకోటి ఉండదు.

తిరిగి మీరొక వాయిస్ మెసేజ్ పంపండి, పిల్లలకు. చిన్నప్పుడు మీరు విన్న కథ ఒకటి, పడుకునే ముందు వినేట్టు. నాయన అంటే నెలకోసారి పైసలు పంపే మనిషి అనుకునే పిల్లకు నాయన గొంతులో ఒక కథ ఉండాలి.

మీ అమ్మ చెప్పిన వంటల్లో మంచిది ఒకటి, ఆమె ఒప్పుకుంటే, ఈ గ్రూపులో పెట్టండి. వారానికి ఒకటి అందరికీ పంపుతాం.

ఈ రాత్రి ఫోన్ మోగుతుంది. 'తిన్నవా?' అని అడుగుతారు. గిన్నె ముందు పెట్టుకొని జవాబు చెప్పండి.