పెట్టె మార్చుట మరమ్మతు కాదు

1984లో మారుతి వ్యాన్ మన రోడ్ల మీదికి వచ్చినప్పుడు దాని 796 సీసీ యంత్రమునకు పెట్రోలు నందించినది కార్బురేటరు. స్క్రూడ్రైవరు చేతనున్నవాడు దానిని సవరింపగలిగెడివాడు. తరువాత కాలుష్య నిబంధనలు కఠినమైనవి. ఓమ్నీయని పేరు మారిన ఆ బండిలో కార్బురేటరు స్థానమున ఇంజెక్టర్లును, వానిని శాసించు ఎలక్ట్రానిక్ పెట్టెయు వెలసినవి. 2019లో దాని తయారీ నిలిచినది గాని బండ్లు నిలువలేదు. పిల్లలను బడికి చేర్చుచు, సరకులు మోయుచు, అవి నేటికిని ఎన్నియో కుటుంబములకు అన్నము పెట్టుచున్నవి.

అట్టి బండి పొగ చిమ్మినను, మొరాయించినను తరచుగా వినవచ్చు మాట ఒక్కటే: “ఈసీఎం పోయింది, మార్చాలి.” ఇది విచారణకు ముందే వ్రాసిన తీర్పు.

ఆ పెట్టె స్వయముగా ఏమియు చూడలేదు. సెన్సార్లు చెప్పిన మాటను నమ్మి పెట్రోలు కొలతను నిర్ణయించును. రేడియేటరు నీటి వేడిని తెలుపు సెన్సారు సంగతి చూడుడు. వేడి పెరిగిన కొలది దాని నిరోధము తగ్గును. 20 డిగ్రీల వద్ద సాధారణముగా రెండు మూడు వేల ఓములుండునది, 80 డిగ్రీలకు మూడు నాలుగు వందలకు దిగును. కనెక్టరులో చిలుము పట్టినచో నిరోధము పెరుగును. కాగియున్న యంత్రమును పెట్టె చల్లనిదని భ్రమించి పెట్రోలు అధికముగా పోయించును. నల్లని పొగ వచ్చును. తప్పు సాక్షిది, శిక్ష న్యాయాధిపతికి! ఎర్తు తీగ వదులైనను ఇట్టి అనర్థమే కలుగును. స్కానరు చూపు సంకేతము సైతము అనుమానింపదగిన మార్గమునే సూచించును. చెడిన వస్తువును నిర్ధారింపదు.

పెట్టె ఎన్నడును చెడదని చెప్పరాదు. కాలక్రమమున కెపాసిటర్లు ఎండిపోవును, టంకములు బీటలువారును. కాని కాయిలులోని షార్టు వలన పెట్టె కాలిపోయినప్పుడు, కాయిలును విడిచి పెట్టెను మార్చినవానికి రెండవ పెట్టెయు దక్కదు.

దోషమంతయు మెకానిక్కుదే యనుట న్యాయము కాదు. రెండు గంటలు పరీక్షించి ఒక తీగ బిగించినవానికి కూలి ఇచ్చుటకు వెనుదీయు యజమానియే, క్రొత్త పెట్టె ఖరీదును మారుమాటాడక చెల్లించును. తెలివికి వెల కట్టనిచోట వస్తువే అమ్ముడుపోవును. తయారీదారులు తీగల పటములను చిన్న షెడ్డులకు సైతము అందుబాటులో నుంచవలెను.

ఓము సూత్రమును పదవ తరగతి విద్యార్థి కంఠస్థము చేయుచున్నాడు. తాను బడికి వచ్చు వ్యాన్‌లో ఆ సూత్రమే పనిచేయుచున్నదని అతనికి చెప్పువారు అరుదు. కొన్ని వందల రూపాయల మల్టీమీటరును ఉపాధ్యాయుడు ఒక్క దినము అతని చేతికిచ్చినచో, కారణమును వెదకుట యేమో ఆ బాలునకు తెలియును. రేపటి మెకానిక్కునకు కావలసిన మొదటి పాఠమదియే.