ఖబరస్తాన్ గేటుకు కట్టిన కాగితం తీయించాలని జిల్లా కలెక్టర్ గారికి అహ్మదీయ ముస్లిం జమాత్ వినతిపత్రం

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారి సముఖానికి, పట్టణ అహ్మదీయ ముస్లిం జమాత్ సభ్యులు సమర్పించుకుంటున్న వినతి.

విషయం: రాష్ట్ర వక్ఫ్ బోర్డు 2023 ఫిబ్రవరి 3 నాటి ప్రకటనను అడ్డం పెట్టుకుని ఖబరస్తాన్‌లో మావాళ్ల ఖననాన్ని అడ్డుకోవడం, ఇదే విషయమై గతంలో ఇచ్చిన అర్జీలకు జవాబు లేకపోవడం.

అయ్యా,

మేమెవరమో తమ కార్యాలయానికి కొత్తగా చెప్పనక్కర్లేదు. పాత అర్జీలన్నిటిలోనూ రాశాం. అధికారులు మారారు గనుక మళ్లీ నాలుగు ముక్కల్లో చెబుతున్నాం. పంజాబు గురుదాస్‌పూర్ జిల్లా ఖాదియాన్‌కు చెందిన హజ్రత్ మీర్జా గులాం అహ్మద్ సాహెబ్ 1889 మార్చి 23న లూధియానాలో అనుచరుల నుంచి తొలి బైఅత్ (విధేయతా ప్రమాణం) తీసుకున్నారు. జమాత్ మొదలైంది అప్పుడే. ముస్లిములు ఎదురుచూస్తున్న మసీహ్, మహదీ తామేనని ఆయన ప్రకటించారు. ఈసా నబీ సిలువ మీద చనిపోలేదని, ప్రాణాలతో ఆకాశానికీ వెళ్లలేదని, అందరిలాగే కాలం చేశారని, సమాధి శ్రీనగర్ ఖాన్యార్ వీధిలో ఉందని రాశారు. 1908లో కాలం చేశారు. 1914లో లాహోర్ వర్గం విడిపోయింది, ఆ గొడవతో ఈ అర్జీకి పని లేదు. మా కలిమా, ఐదు పూటల నమాజు, రోజా, జకాత్, ఖిబ్లా మిగతా ముస్లిములవే.

అసలు పేచీ ప్రవక్త పదవి దగ్గర. ముహమ్మద్ ప్రవక్త (స) తర్వాత ఏ రకమైన నబీ కూడా రాడని ఉలమాలు అంటారు. కొత్త షరీఅత్ తెచ్చే నబీ రాడు గానీ, ఆయన అనుయాయిగా, ఆయన నీడలో ఒకరు రావచ్చని మేం నమ్ముతాం. ఇది వాళ్లకు చిన్న తేడా కాదని మాకు తెలుసు. 1974 ఏప్రిల్‌లో మక్కాలో రాబితా (ప్రపంచ ముస్లిం లీగ్) సమావేశం మమ్మల్ని ఇస్లాం వెలుపలివారిగా తీర్మానించిన సంగతీ తెలుసు. మేం కూడా ఇతర ఇమాముల వెనక నమాజు చేయం, మా అమ్మాయిలను బయటి సంబంధాలకు ఇవ్వం. ఈ మాట మీ దగ్గరకు ఎవరో ఒకరు తెస్తారు గనుక మేమే ముందు చెబుతున్నాం. మతంలో ఎవరి మాట నెగ్గాలో తేల్చమని తమరిని అడగడానికి రాలేదు. వాళ్లు మమ్మల్ని కాఫిర్లనుకోనివ్వండి, ఫత్వాలు ఇచ్చుకోనివ్వండి. ఆ ఫత్వా మీద సర్కారు ముద్ర ఎలా పడిందన్నదే మా ప్రశ్న.

ముద్ర పడిన వైనం తేదీలతో సహా మరోసారి మనవి చేస్తున్నాం. 2009 మే 26న రాష్ట్ర జమియతుల్ ఉలమా ఒక ఫత్వా ఇచ్చింది. 2012లో, ఉమ్మడి రాష్ట్రంలో, వక్ఫ్ బోర్డు మేం ముస్లిములం కామని తీర్మానం చేసింది. మావాళ్లు హైకోర్టుకు వెళ్లారు, హైకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఆ తీర్మానాన్ని నిలిపివేసింది. అక్కడితో పీడ వదిలిందనుకున్నాం. 2014లో రాష్ట్రం రెండైంది, ఆస్తులూ అప్పులూ పంచుకున్నారు, బోర్డులూ వేరయ్యాయి. ఈ తగువు మాత్రం చెక్కుచెదరకుండా ఇటు వచ్చింది. 2023 ఫిబ్రవరి 3న అదే 2009 ఫత్వాను ఉటంకిస్తూ బోర్డు మళ్లీ ప్రకటన విడుదల చేసింది. కోర్టు ఆపినదాన్ని తేదీ మార్చి మళ్లీ రాస్తే కొత్తదవుతుందా? ఆ ఏడు జూలైలో కేంద్ర మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ రాష్ట్ర ప్రధాన కార్యదర్శికి లేఖ రాసింది. ఎవరి మతం ఏదో నిర్ణయించే అధికారం బోర్డుకు లేదనీ, ఇది ఒక సముదాయం మీద విద్వేష ప్రచారం కిందికి వస్తుందనీ అందులో స్పష్టంగా ఉంది. పత్రికలన్నీ వేశాయి. జమియత్ పెద్దలు బోర్డును సమర్థించారు, అదీ వేశాయి. మన జిల్లా దాకా మాత్రం ఆ లేఖ ఇంకా నడిచి రాలేదు.

1995 వక్ఫ్ చట్టం 32వ సెక్షన్ ఒకటికి రెండుసార్లు చదివాం. ఆస్తులు కాపాడటం, లెక్కలు చూడటం, ముతవల్లీలను నియమించడం, తొలగించడం, అన్యాక్రాంతమైన భూములు తిరిగి రాబట్టడం ఉన్నాయి. ఎవరు ముస్లిమో తేల్చే పని ఎక్కడా లేదు.

అది తేల్చవలసిన చోట ఎప్పుడో తేలింది. 1922లో మద్రాసు హైకోర్టుకు మలబారు నుంచి ఒక కేసు వచ్చింది. మొగుడు అహ్మదీ అయ్యాడు కాబట్టి పెళ్లి రద్దయిందనుకుని భార్య మరొకరిని చేసుకుంది. అహ్మదీ అయినంత మాత్రాన ఇస్లాంను వదిలినట్టు కాదని ఇద్దరు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ హైకోర్టు కిందే ఉండేవని తమకు గుర్తు చేస్తున్నాం. 1970లో కేరళ హైకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ గారు ఇదే చెప్పారు. పాట్నా హైకోర్టు వీటికి ముందే చెప్పింది. 2011 జనాభా లెక్కల్లోనూ మమ్మల్ని ఇస్లాం శాఖల్లోనే చూపారు. పాకిస్తాన్ 1974లో రాజ్యాంగం సవరించి మమ్మల్ని ముస్లిమేతరులను చేసింది. 1984లో ఆర్డినెన్స్ తెచ్చి, మేం ముస్లిములమని చెప్పుకుంటే మూడేళ్ల దాకా జైలు అంది. 1979లో నోబెల్ తెచ్చిన అబ్దుస్ సలాం సమాధి రాతి మీద ముస్లిం అన్న మాటను చెరిపేశారు. అది ఆ దేశం సంగతి. ఇక్కడ అలాంటి చట్టం లేదు, దాని పని ఒక జిరాక్సు కాగితం చేస్తోంది.

ఆ కాగితం మన పట్టణ ఖబరస్తాన్ గేటుకు బైండింగు వైరుతో కట్టి ఉంది. వానకు తడవకుండా లామినేషన్ కూడా చేయించారు. కింద బోర్డు గుండ్రటి స్టాంపు మసకగా కనిపిస్తుంది. కాపలా మనిషికి చదువు రాదు, స్టాంపు ఒక్కటే చూపిస్తాడు. మా జమాత్ పెద్దావిడ పోయినప్పుడు జనాజా గేటు ముందు ట్రాలీ ఆటోలో ఎండలో ఉండిపోయింది. కమిటీవాళ్లు ఫోనెత్తలేదు. స్టేషన్‌కు వెళితే ఇది రెవెన్యూ విషయం అన్నారు, తహసీల్దారు గారి దగ్గరకు పోతే వక్ఫ్ విషయం అన్నారు. అస్ర్ వేళ దాటాక మనుమడు తన సొంత చేనిగట్టున ఖనన ఏర్పాటు చేశాడు. ఆవిడ భర్త, అత్తమామలు అదే ఖబరస్తాన్‌లో ఉన్నారు. వాళ్లను పూడ్చిన రోజున ఎవరూ ఏమీ అడగలేదు.

దీని మీద సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు. ఇంకోసారి అర్జీ ఇచ్చాం. మళ్లీ రసీదే. ఆపై రిజిస్టర్డు పోస్టులో పంపాం, ముట్టినట్టు కార్డు వచ్చింది. ‘సంబంధిత శాఖకు పంపబడినది’ అని ఒక ఎండార్స్‌మెంటు వచ్చింది. ఆ సంబంధిత శాఖ ఎవరని తెలుసుకుంటే, మేం ఎవరి మీద ఫిర్యాదు చేశామో వాళ్లే. తమరి పట్ల మాకు గౌరవం ఉంది గనుక దీని గురించి ఇంకేమీ రాయడం లేదు.

ఇతర విషయాలు క్లుప్తంగా. మా నిఖాలు రాయడానికి స్థానిక ఖాజీ ఒప్పుకోవడం లేదు. 2002 వివాహాల నిర్బంధ నమోదు చట్టం కింద నమోదుకు వెళితే ఖాజీ కాగితం తెమ్మని తిప్పుతున్నారు. మా నమాజు గదికి ఎదురుగా మైకు పెట్టి ‘ఖాదియానీ’లతో సలాం కూడా వద్దని ప్రసంగాలు చేస్తున్నారు, అనుమతి ఎవరిచ్చారో తెలియదు. పిల్లల మైనారిటీ సర్టిఫికెట్ల దగ్గర అనవసర ప్రశ్నలు వేస్తున్నారు.

కాబట్టి 2023 ప్రకటనకు ఖబరస్తాన్‌లో ఖననం ఆపే శక్తి లేదని తహసీల్దారుకు, పోలీసు స్టేషన్‌కు, ఖబరస్తాన్ కమిటీకి తమరు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. గేటు మీది కాగితం తీయించాలి. కమిటీ ససేమిరా అంటే, వేరే చోట మాకు ఖనన స్థలం చూపించడం గురించి తర్వాత మాట్లాడదాం; ముందుగా అది అడగడం లేదు, ఎందుకంటే అది అడిగితే ఈ ప్రకటన సరైనదేనని మేమే ఒప్పుకున్నట్టవుతుంది. కేంద్ర శాఖ లేఖ మీద రాష్ట్రం నుంచి జిల్లాకు ఏమైనా ఆదేశాలు వచ్చాయా లేదా అన్నది కూడా తెలియజేయాలి.

పాత అర్జీల నకళ్లు, రసీదులు, పోస్టు కార్డు, గేటు ఫొటో ఇందుకు జతపరిచాం. మా జమాత్‌లో ఒక పెద్దాయన ఆసుపత్రిలో ఉన్నారు. డాక్టర్లు ఇంటికి తీసుకెళ్లమన్నారు. జవాబు ఈ వారంలో ఇప్పించగలరు.

ఇట్లు,
పట్టణ అహ్మదీయ ముస్లిం జమాత్ సభ్యులు
(సంతకాలు, వేలిముద్రలు వెనుక పేజీలో)